మొక్క మీద కొత్త కప్ప కనిపించిందా? శ్రీకాకుళం, విజయనగరం పెరళ్ల నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

తొలకరి చినుకు పడిన వారానికల్లా నా ఫోనుకి కప్పల ఫోటోలు రావడం మొదలవుతుంది. మందార కొమ్మ మీద ఒకటి, అరటి దొప్పలో ఒకటి, నీళ్ల ట్యాంకు మూత కింద ఒకటి. బడిలో జీవశాస్త్రం చెప్పిన రోజుల నుంచి ఇది అలవాటైపోయింది. పలాస నుంచి బొబ్బిలి దాకా అడిగేవాళ్లు వేరైనా ప్రశ్నలు మాత్రం ఇంచుమించు అవే. ప్రతి ఒక్కరికీ విడిగా రాసే బదులు, ఇన్నాళ్లూ చెప్పిన జవాబులన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

మా మందార చెట్టు మీద ఎప్పుడూ చూడని కప్ప ఉందండి. ఇదేటి?

ఊరు మైదానంలో ఉండి, కప్ప నేల మీద కాకుండా కొమ్మ మీదో ఆకు మీదో గోడ మీదో అతుక్కుని ఉంటే, అది చాలావరకు మన మామూలు చెట్టుకప్పే. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు పాలిపిడేట్స్ మాక్యులేటస్. 1830లో గ్రే అనే ఆంగ్లేయుడు దీన్ని మొదట వర్ణించాడు. ఇంగ్లీషువాళ్లు దీన్ని చునామ్ ఫ్రాగ్ అని కూడా అంటారు. ఆ చునామ్ మరేదో కాదు, మన సున్నమే. పాత సున్నపు గోడల ఇళ్లలో స్నానాలగది మూలన తెల్లగా ముడుచుకుని కూర్చున్న కప్పను చూసినవాళ్లకు ఆ పేరు వెంటనే అర్థమవుతుంది.

అంటే మీకు కొత్తగా కనిపించినది మీ ఇంటికి కొత్త కాదు. మీకంటే ముందు నుంచి అక్కడే ఉండి ఉంటుంది. రాత్రిపూట తిరిగి, పగలు కదలకుండా పడుకునే జీవి కాబట్టి మన కంట పడదు.

కానీ మొన్న గోధుమరంగులో ఉంది, ఇవాళ తెల్లగా ఉంది. రెండు వేరు వేరు కప్పలా?

ఒకటే అయి ఉండొచ్చు. నాకు వచ్చే ఫోటోల్లో ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే, అందుకే దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను.

చెట్టుకప్ప రంగు మార్చుకుంటుంది. చర్మంలో రంగు కణాలు ఉంటాయి. వాటిలోని రంగు రేణువులు కణమంతా పరుచుకుంటే ఒళ్లు ముదురుగా, మధ్యకు చేరుకుంటే లేతగా కనిపిస్తుంది. వెలుతురు, వేడి, తేమ, బెదురు, ఇవన్నీ ఆ మార్పుకు కారణాలు. ఎండలో, పొడి గాలిలో పగలంతా కూర్చున్నప్పుడు దాదాపు సుద్దముక్కలా అయిపోతుంది. రాత్రి వాన పడ్డాక వేటకు బయల్దేరితే చింతపండు రంగులోకి దిగుతుంది. కొన్నింటికి వీపు మీద ఇసుక గడియారం ఆకారంలో ముదురు మచ్చ ఉంటుంది, కొన్నింటికి చిన్న చిన్న చుక్కలు మాత్రమే, కొన్నింటికి ఏదీ ఉండదు.

అందుకని కప్పను గుర్తుపట్టేటప్పుడు రంగును నమ్మకండి. ఫోటో పంపి "పసుపు కప్ప", "బూడిద కప్ప" అని రాస్తే నేను ఏమీ చెప్పలేను. కాళ్లు చూడండి, తొడలు చూడండి, చెవి చూడండి. ఆ మూడూ రోజుకోలా మారవు.

కాళ్లలో ఏం చూడాలి?

వేలి చివర. చెట్టుకప్పకు ముందు కాలి నాలుగు వేళ్లకూ, వెనక కాలి అయిదు వేళ్లకూ చివర గుండ్రటి బిళ్లలు ఉంటాయి, చొక్కా గుండీలు కుట్టినట్టు. అద్దాల కిటికీకి అవతలి వైపు అతుక్కున్నప్పుడు లోపలి నుంచి చూస్తే చాలా స్పష్టంగా కనిపిస్తాయి. అవి బంకతో అతుక్కోవు, గాలి పీల్చే గిన్నెల్లాగా కూడా పనిచేయవు. ఆ బిళ్ల మీద ఆరు పలకల చిన్న కణాలు తేనెపట్టులా పేర్చి ఉంటాయి, వాటి మధ్య సందుల్లో పల్చని జిగురు నీరు ఉంటుంది. తడి గాజు పలకలు రెండు ఒకదానికొకటి అంటుకుపోతాయి చూడండి, ఇంచుమించు అదే పద్ధతి.

వేలి చివర బిళ్ల లేదు, సన్నగా మొనదేలి ఉంది అంటే అది నేల కప్పో నీటి కప్పో పొరపాటున మొక్క ఎక్కిందన్నమాట. కుండీ అంచు మీద, తులసికోట మీద ఇలాంటివి కూర్చోవడం మామూలే.

ముందు కాలి వేళ్ల మధ్య చెట్టుకప్పకు పొర దాదాపు ఉండదు. వెనక కాలి వేళ్ల మధ్య మాత్రం బాగా ఉంటుంది.

తొడల సంగతేంటి? అక్కడ ఏముంటుంది?

మన చెట్టుకప్పకు ఆధార్ కార్డు అక్కడే ఉంది. కూర్చున్నప్పుడు తొడ వెనక భాగం మూసుకుని ఉంటుంది. కాలు చాపినప్పుడు, ఎగరబోయే ముందు, గోడ ఎక్కుతున్నప్పుడు చూడండి: ముదురు గోధుమ లేదా ఊదా ఛాయ మీద గుండ్రటి పసుపు చుక్కలు. ఆ చుక్కలు కనిపించాయా, ఇక అనుమానం అక్కర్లేదు.

దానికోసం కప్పను పట్టుకుని కాళ్లు లాగొద్దు. పది నిమిషాలు ఓపిక పట్టండి, అదే కదులుతుంది. ఒక అబ్బాయి తొడ ఫోటో కోసం కప్పను తలకిందులుగా పట్టుకున్న ఫోటో పంపాడు. ఆ చేతికి దోమల మందు రాసుకుని ఉన్నాడని తర్వాత తెలిసింది. ఆ రోజంతా నాకు మనసు బాగోలేదు. కప్ప చర్మంతో కూడా ఊపిరి పీలుస్తుంది, నీళ్లు తాగేదీ చర్మంతోనే. మన చేతికున్న మందు, సబ్బు, ఉప్పు, చెమట అన్నీ నేరుగా దాని ఒంట్లోకి పోతాయి.

చెవి అన్నారు. కప్పకి చెవి ఎక్కడుంది?

కంటి వెనక గుండ్రంగా, చిన్న బిళ్లలా కనిపించేదే కర్ణభేరి. చెట్టుకప్పకు అది తేటగా కనిపిస్తుంది, దాని పైనుంచి కంటి కొస నుంచి భుజం వైపు ఒక చర్మపు మడత వంపు తిరిగి ఉంటుంది. గుండ్రటి ఒళ్లు, చిన్న మూతి ఉండి, చెవి బిళ్ల బయటికి కనిపించకపోతే అది వేరే కుటుంబం. ఆ కుటుంబంలోనిది ఒకటి మన చెట్లు ఎక్కుతుంది కూడా. దాని గురించి కింద రాశాను.

మొక్క మీద దొరికినది చెట్టుకప్ప కాకపోతే ఇంకేం కావొచ్చు?

బొద్దుగా, ముదురు ఒంటి మీద ఇటుక రంగు మచ్చలో పట్టీలో ఉండి, ఎవరో రంగులు పూసినట్టుంటే అది రంగుల కప్ప, యూపెరొడాన్ టాప్రొబానికస్. చూడటానికి నేల మీద దొర్లే కప్పలా ఉంటుంది గానీ చెట్టు బాగా ఎక్కుతుంది. చెట్టు తొర్రల్లో, ఆకుల మొదళ్లలో దాక్కుంటుంది. వేళ్ల చివర గుండ్రటి బిళ్ల బదులు కత్తిరించినట్టు త్రికోణంగా వెడల్పై ఉంటుంది. నాకొచ్చే ఫోటోల్లో "విదేశీ కప్ప" అని భయపడుతూ పంపేది ఎక్కువగా దీన్నే. విదేశీ కాదు, మనదే.

బొటనవేలి గోరంత, రెండు మూడు సెంటీమీటర్లు దాటని కప్ప కుండీ మట్టిలో గంతులేస్తుంటే, వీపు మీద దేవదారు చెట్టు బొమ్మలాంటి ముదురు గుర్తుంటే, అది మైక్రోహైలా. పిల్ల కప్ప అనుకుంటారు గానీ అది పెరిగేదే అంత. అది కొమ్మలు ఎక్కదు.

చెరువులో తామరాకు మీద, గుర్రపుడెక్క మీద కూర్చున్న పచ్చటి పెద్ద కప్పయితే అది ఆకుపచ్చ చెరువు కప్ప. దీని శాస్త్రీయ నామానికి అర్థం ఆరువేళ్లది. నిజానికి వెనక కాలికి అయిదు వేళ్లే, పక్కన మొనదేలిన బుడిపె ఆరో వేలిలా కనిపిస్తుంది. కప్పలన్నీ పురుగులే తింటాయని మనం పాఠంలో చదువుకున్నాం, పిల్లలకు చెప్పాం కూడా. ఇది ఎదిగాక ఆకులూ నీటి మొక్కలూ కూడా బాగా తింటుంది.

ఒంటినిండా గరుకు పొక్కులు, కళ్ల వెనక ఉబ్బెత్తు గ్రంథులు, నల్లటి గట్లున్న తల ఉంటే అది పెద్దవాళ్లు గోండ్రుకప్ప అనేది. డట్టాఫ్రైనస్ మెలనోస్టిక్టస్. ఆ మొదటి పేరులో ఉన్న డట్టా, పక్కనే ఒడిశాకు చెందిన కప్పల శాస్త్రవేత్త సుశీల్ కుమార్ దత్తా. 2006లో ఆయన గౌరవార్థం ఆ ప్రజాతికి ఆ పేరు పెట్టారు. ఇచ్ఛాపురం దాటితే ఒడిశాయే కదా, మన వీధి దీపం కింద పురుగులు తినే కప్పకు పొరుగాయన పేరుందని చెబితే పిల్లలు కళ్లు పెద్దవి చేసుకుని వింటారు.

మాది సాలూరు వైపు కొండ ఊరు. పొదల్లో చిటికెన వేలంత కప్ప టిక్ టిక్ మంటోంది. అదీ చెట్టుకప్పేనా?

చెట్టుకప్పల కుటుంబమే, కానీ వేరే జాతి. వాటిని పొదకప్పలు అనొచ్చు. శాస్త్రవేత్తలు రావోర్కెస్టెస్ అంటారు. మన దేశపు తొలితరం కప్పల శాస్త్రవేత్త సి.ఆర్. నారాయణరావు పేరు మీద 2010లో పెట్టిన పేరు అది. మన తూర్పు కనుమల్లోనే, పక్కనున్న విశాఖ మన్యంలో దొరికిన ఒక పొదకప్పను కొత్త జాతిగా 1998లో వర్ణించారు.

వీటిలో విశేషం ఏమిటంటే తోకకప్ప దశ బయట ఉండదు. తడి నేల మీదో ఆకుల మధ్యో గుడ్డు పెడితే, గుడ్డులోనే రూపం మారి, బియ్యపు గింజంత కప్ప నేరుగా బయటకు వస్తుంది. దానికి చెరువుతో పని లేదు, కానీ తేమ ఆరిపోతే మాత్రం బతకదు. పార్వతీపురం, సాలూరు, గుమ్మలక్ష్మీపురం వైపు కొండల్లో పొదలు నరికి తగలబెట్టినప్పుడు ముందుగా పోయేది ఇలాంటివే. మీరు ఆ వైపు వాళ్లయితే ఫోటో కంటే ముందు ఫోన్లో అరుపు రికార్డు చేయండి. ఇంత చిన్న కప్పల్లో జాతిని చెప్పడానికి చూపు చాలదు, అరుపే ఆధారం.

విషం ఉంటుందా? పిల్లాడు ముట్టుకున్నాడు.

మన కప్పలేవీ కరిచి విషం ఎక్కించవు. చెట్టుకప్పను ముట్టుకున్న చేతితో కళ్లు నులుముకుంటే మంట పుట్టొచ్చు, ఎందుకంటే దాని చర్మం మీద ఊరే జిగురు కాస్త ఘాటు. సబ్బుతో చేతులు కడిగించండి, అంతే చాలు. కప్ప ఒంటేలు పోస్తే పులిపిర్లు వస్తాయనేది నిజం కాదు. పులిపిర్లు మనిషి నుంచి మనిషికి సోకే వైరస్ వల్ల వస్తాయి. అది చాలావరకు నీళ్లే, బెదిరినప్పుడు ఒంట్లో దాచుకున్న నీళ్లు వదిలేసి తేలికై ఎగిరిపోతుంది.

గోండ్రుకప్ప విషయం వేరు. దాని కళ్ల వెనక గ్రంథుల్లో పాలలాంటి విషం ఉంటుంది. మనిషి ముట్టుకుని చేతులు కడుక్కుంటే ఏమీ కాదు, తింటే ప్రమాదం. కుక్కపిల్లలు నోట పట్టి నురగలు కక్కడం వానాకాలంలో చూస్తుంటాం. అలా జరిగితే నీళ్లు గొంతులోకి పోకుండా, తల కిందికి వంచి నోరు పక్క నుంచి కడిగి, వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ఇంటర్నెట్‌లో నీలం, ఎరుపు రంగుల్లో మెరిసే విషకప్పలు చూసి భయపడి ఫోన్ చేసేవాళ్లున్నారు. అవి మధ్య, దక్షిణ అమెరికా అడవులవి. మన దగ్గర లేవు. జూన్, జూలై వానలకు పొలాల్లో నిమ్మపండు పసుపులో మెరిసిపోతూ, గొంతుకు రెండు పక్కలా నీలపు బుడగలు ఊదుతూ కనిపించేది మగ బోదురుకప్ప. జతకట్టే రోజుల్లో అది పెట్టుకునే వేషం అది. కొన్నాళ్లకు మళ్లీ మామూలు ఆకుపచ్చలోకి వచ్చేస్తుంది.

నీళ్ల తొట్టి పైనున్న కొమ్మకి తెల్లటి నురగ ముద్ద వేలాడుతోంది. పురుగు గూడా?

అది చెట్టుకప్ప గూడు. ఫోటో కూడా అక్కర్లేదు, చెబితేనే గుర్తుపట్టగలిగేది ఇదొక్కటే. రాత్రి ఆడకప్ప ఒక ద్రవాన్ని వదిలి, వెనక కాళ్లతో కవ్వం తిప్పినట్టు చిలుకుతుంది. మగది వీపు మీదే ఉంటుంది. చిలికిన నురగలో గుడ్లు పెడుతుంది. పైపొర ఆరి పెళుసవుతుంది, లోపల తడి నిలుస్తుంది. కొన్ని రోజులకు గుడ్లు పగిలి, తోకకప్పలు నురగలోంచి కిందున్న నీళ్లలోకి రాలిపడతాయి. అందుకే గూడు ఎప్పుడూ నీళ్లకు పైనే ఉంటుంది.

తల్లి పొరపాటున ప్లాస్టిక్ బకెట్ మీద, సిమెంటు తొట్టి గోడకు కూడా గూడు కడుతుంది. తొట్టి కడగాల్సి వస్తే గూడున్న కొమ్మ విరవకండి. దాని కింద వేరే వెడల్పాటి గిన్నెలో వాన నీళ్లో నూతి నీళ్లో పెట్టండి. క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్లు ఒకరోజు నిల్వ ఉంచి పోయండి. తోకకప్ప కప్ప కావడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది, నీళ్లలో ఒక రాయో కర్రో ఆనించి ఉంచితే కాళ్లొచ్చాక ఎక్కి బయటపడతాయి.

గుడ్లను బట్టి కూడా కప్పను చెప్పొచ్చు. నీళ్లలో నల్ల పూసల దండల్లా పొడుగ్గా ఉంటే గోండ్రుకప్పవి. గుంట నీటి మీద పల్చగా పరిచిన గుడ్ల చాపలా తేలుతుంటే మైక్రోహైలావి. గాలిలో వేలాడే నురగ మాత్రం చెట్టుకప్పదే.

వేసవిలో క్రోటన్ ఆకుల మధ్య రాయిలా ఉంది, మూడు రోజులుగా కదల్లేదు. చచ్చిపోయిందా?

చాలావరకు బతికే ఉంటుంది. కాళ్లూ చేతులూ పొట్ట కిందకి మడిచి, ఒంటి నీరు ఆవిరి కాకుండా ముడుచుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో అరటి దొప్పలు, వెదురు బొంగు లోపలిభాగం, స్విచ్ పెట్టె, తలుపు మడతబందు దాని గూళ్లు. తలుపు వేసే ముందు ఒకసారి ఆ సందు చూడండి, ఎన్ని కప్పలు అలా నలిగిపోతాయో. నీళ్లు మీద పోయక్కర్లేదు, మొక్క మొదట్లో పోయండి.

కప్ప వస్తే వెనకే పాము వస్తుందంటారు. ఉంచాలా, తోలేయాలా?

పాములు కప్పల్ని తింటాయి, దాచక్కర్లేదు. కానీ కొమ్మ మీద ఒక కప్ప ఉన్నందుకు పాము ఊరు దాటి రాదు. పామును పిలిచేది ఎలుకలు, కట్టెల మోపు, ఇటుకల గుట్ట. వాటిని సర్దండి, రాత్రి పెరట్లోకి టార్చితో వెళ్లండి. కప్పను తరిమినంత మాత్రాన ఏ తేడా రాదు, దోమలూ చెదలూ పెరుగుతాయంతే.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. కప్ప మీద ఉప్పు చల్లకండి. స్నానాలగదిలో కనిపించిందని ఉప్పో ఫినాయిలో పోసేవాళ్లు ఇంకా ఉన్నారు. చర్మంతో ఊపిరి పీల్చే జీవికి అది ఒళ్లంతా కాల్చడమే. తడిపిన మగ్గు బోర్లించి, అట్ట ముక్క కింద నుంచి తోసి, రాత్రిపూట అదే పెరట్లో మొక్క దగ్గర వదలండి. దూరం తీసుకెళ్లి వదిలితే దానికి దారి తెలియదు, తిండి దొరికే చోటు తెలియదు.

పట్టి అమ్మడం, తినడం చట్టప్రకారం తప్పా?

బోదురుకప్పల కాళ్లు మన దేశం నుంచి ఒకప్పుడు టన్నులకొద్దీ విదేశాలకు వెళ్లేవి. 1987లో ఆ ఎగుమతిని నిషేధించారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కప్పలకూ వర్తిస్తుంది. పొలంలో కప్పలు తగ్గితే పురుగుమందు ఖర్చు పెరుగుతుందని రైతుకు వేరే చెప్పక్కర్లేదు.

కుండీ మట్టి తవ్వుతుంటే బుడగలా ఉబ్బిన కప్ప బయటపడింది...

అది బుడగ కప్ప, యూపెరొడాన్ సిస్టొమా. ఏడాదిలో ఎక్కువ భాగం మట్టిలోనే ఉండి చెదలు తింటుంది, వాన పడిన కొన్ని రాత్రులు మాత్రమే పైకి వస్తుంది. మొక్కల వాళ్లకు ఇంతకంటే మంచి చుట్టం లేదు. ఉన్నచోటే మట్టి కప్పేయండి.

ఈ కప్ప సైన్సు చరిత్రలోకి ఎక్కింది. ఒడిశాకు చెందిన ప్రొఫెసర్ ప్రియంవద మహంతి హెజ్మాదీ, తన సహచరులతో కలిసి, దీని తోకకప్పల తోక కత్తిరించి విటమిన్ ఎ ఇచ్చి చూశారు. తోక పెరగాల్సిన చోట కాళ్లు మొలిచాయి. 1992లో నేచర్ పత్రికలో అది అచ్చయింది. ఆవిడ ఒడిస్సీ నర్తకి కూడా. మన పెరటి మట్టిలో దొరికే కప్ప అది. నా తరగతిలో నేను చెప్పిన పాఠాల్లో పిల్లలు గంట కొట్టాక కూడా లేవనిది ఇదొక్కటే.

సరే, మీకు పంపడానికి ఫోటో ఎలా తీయాలి?

ముందు ఉన్నచోట ఉన్నట్టుగా, మొక్కతో సహా ఒకటి. తర్వాత పక్క నుంచి, కన్నూ చెవీ కనిపించేలా. మూడోది వేళ్ల చివరలు. వీలైతే నాలుగోది తొడ. పక్కన అగ్గిపుల్లో రూపాయి బిళ్లో ఉంటే పరిమాణం తెలుస్తుంది. పెద్ద ఆడ చెట్టుకప్ప ఏడెనిమిది సెంటీమీటర్లు ఉంటుంది, మగది బాగా చిన్నది. ఫ్లాష్ ఒకటి రెండుసార్లకు మించి కొట్టకండి. ఒక ఫోటోలో ఒకటే కప్ప ఉండాలి. నాలుగింటిని బకెట్లో వేసి తీస్తే అది కప్పల తక్కెడే, ఒకటి నిలబడితే మూడు ఎగురుతాయి.

తేదీ, ఊరు, ఏ మొక్క, వాన పడిందా లేదా, రాత్రి ఎన్నింటికి, ఇవి రాయండి. జీవుల ఫోటోలు పెట్టి పేరు తెలుసుకునే ఐనాచురలిస్ట్ యాప్‌లో కూడా అప్‌లోడ్ చేయొచ్చు. యాప్ మొదట చూపే పేరును అలాగే నమ్మకండి, ఒక్కోసారి పడమటి కనుమల్లో మాత్రమే ఉండే పచ్చటి ఎగిరే కప్ప పేరు చూపిస్తుంది. అది మన జిల్లాల్లో ఉండదు. తొడ ఫోటో జోడిస్తే తెలిసినవాళ్లు వచ్చి సరిచేస్తారు.

ఇప్పుడు మీ దగ్గరున్నది కదిలిపోయిందా? కంగారు లేదు. రాత్రి ఎనిమిది దాటాక అదే మొక్క దగ్గర, వీధి దీపం వెలుతురు పడే గోడ మీద వెతకండి. టక్, టక్ టక్ అని ఎవరో చెక్క మీద తట్టినట్టు వినిపిస్తే అది మగ చెట్టుకప్ప, మీకు అయిదారు అడుగుల లోపే ఉంటుంది.